గండికోటలో బల్లలు చేయవలసిన వారెవరు?

కడపజిల్లా జమ్మలమడుగు మండలమునందలి గండికోటను యాత్రాస్థలముగా దీర్చుటకు కేంద్రప్రభుత్వము 2024వ సంవత్సరమున సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. రాష్ట్రములకు 50 ఏండ్ల గడువుపై వడ్డీ లేకుండ నిచ్చు ఋణపథకము క్రింద నిది వచ్చినది. వడ్డీ లేకున్నను అప్పు అప్పే. కావున ప్రతి రూపాయియు నే రూపము దాల్చుచున్నదో విచారించు హక్కు దానిని తీర్చవలసిన ప్రజలకు గలదు.

భవనములెన్ని, బాటలెన్ని యని యందఱు నడుగుదురు. కూర్చుండు బల్ల యెట్టిది, చెత్తతొట్టి యెట్టిది, లోయ యంచున పట్టుకొను కమ్మి యెట్టిది యని యడుగువారు తక్కువ. పెన్న యెఱ్ఱమల కొండలను గోసికొని పాఱు ఆ చోట లోయ సుమారు 300 అడుగుల లోతున్నది. పిల్లలతో వచ్చిన గృహస్థునకు ఆ కమ్మియే ప్రాణాధారము. ఈ చిన్నవస్తువులు పట్టణపు వర్తకుల పట్టికలనుండి యేరి తెచ్చినవి గాక, ఈ సీమ విద్యార్థులు ఈ సీమ పనివాండ్రతో గలసి చేసినవి యై యుండవలెనని మా యభిప్రాయము.

కొయ్యకును ఇనుమునకును పొత్తెట్లు కుదుర్పవలెనో కోట ప్రధానద్వారమే చెప్పుచున్నది. అచ్చటి పెద్ద కొయ్యతలుపులు ఇనుపరేకులతో గప్పబడి, ఇనుపమేకులు దిగగొట్టబడి యున్నవి. మేకులు ఏనుగుల నెదుర్కొనుటకని పెద్దలు చెప్పుదురు. దానితోపాటు గమనింపదగిన దింకొకటి గలదు. కొయ్య వానకు తేమ పీల్చి అడ్డముగా నుబ్బును, ఎండకు ముడుచుకొనును. పోగు వెంబడి నిలువున మాత్రము దాదాపు మారదు. అట్టి పలకలను పట్టి యుంచుటకు ఇనుము తోడ్పడును. ఒంటి యినుముతోనే యంత తలుపు చేసినచో దానిని త్రిప్పువారెవరు?

అదే కోటలో దీనికి విపరీతమగు కథయు నొకటి జరిగినది. 1650లో గోల్కొండ సేనానాయకుడు మీర్‌జుమ్లా గండికోటను పట్టుకొనెను. 1652లో అతనిని చూడవచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తన యాత్రావృత్తాంతమున నీ సంగతి వ్రాసియున్నాడు. క్లోడ్ మాయే యను ఫ్రెంచివానికి 20 ఫిరంగులు పోయు పని యప్పగించి, దేవాలయముల రాగివిగ్రహములను కరగింపజూచిరట. ఒకటి పగిలినది, ఒకటి చెడినది; తుదకు ఒక్క ఫిరంగియైనను సిద్ధము కాలేదు. ఆ దేవాలయముల కథ యటుండనిండు. ఉత్తరువున నిరువది, చేతికి సున్న. ఆ రెంటికి నడుమ నున్నది కొలిమి.

నేడీ సీమలో యువకులకు పనిముట్టు పట్టు అవకాశములు మునుపటికంటె హెచ్చినవి. కర్నూలునందు 2015లో వెలసిన ఐఐఐటీడీఎం తన పేరులోనే రూపకల్పనమును, ఉత్పాదనమును జేర్చుకొన్నది. ఇడుపులపాయలో రాజీవ్‌గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణము 2008నుండి నడచుచున్నది. కడపలో వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయము 2020లో నేర్పడినది. ఉన్నతపాఠశాలలలో 2016నుండి అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు వచ్చినవి. ఒక్కొక్కదానికి 20 లక్షల రూపాయల వఱకు సాయము. వానిలో మరబొమ్మల పెట్టెలును, ప్లాస్టిక్ దారమును కరగించి వస్తువును పొరలు పొరలుగా బేర్చు త్రీడీ ముద్రణయంత్రములును గలవు.

ఇన్ని యుండియు విద్యార్థుల ప్రదర్శనలలో తఱచుగా కనబడునవి కలములు నిలుపు దిమ్మెలు, సెల్‌ఫోను నానించు పీటలు, బల్లపై దీపములు. చేయి తిరుగుటకు అవియు వలసినవే. వానిని మేము నిందింపము. మా ఫిర్యాదు వేఱు. మార్కులు ప్రదర్శననాడే పడుచున్నవి. మఱునాటినుండి ఆ వస్తువు సామానుగదిలో దుమ్ము పట్టుచున్నది. అది విఱిగినదో నిలిచినదో చేసినవాడే యెఱుగడు. త్రీడీ ముద్రణమునకు సామాన్యముగా వాడు పీఎల్ఏ యను ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల వేడికే మెత్తబడ నారంభించును. రాయలసీమ వేసవిలో తలుపులు మూసి యెండలో నిలిపిన కారులోపల నంతటి వేడి యబ్బురము గాదు. చల్లని గదిలో పరీక్షకుని మెప్పించిన కొక్కెము ట్రాక్టరుపై నొక్క మధ్యాహ్నము నిలువక వంగిపోవచ్చును. ఈ సంగతి పుస్తకమున నున్నదే. అయినను చేతిలో వంగినప్పుడు గలుగు జ్ఞానము వేఱు.

గండికోట బల్లనే తీసికొందము. కొయ్య చేతికి చల్లన, కాని చెదలును ఎండయు దాని శత్రువులు. ఇనుము గట్టిది, కాని మే నెలలో దానిపై గూర్చుండుట యసాధ్యము. ప్లాస్టిక్ చెదపట్టదు, త్రుప్పుపట్టదు. రంగుప్లాస్టిక్ మాత్రము మన యెండకు కొలదియేండ్లలోనే పెళుసెక్కును. బిందుసేద్యపు గొట్టములు నల్లగా నుండుటకు కారణ మిదియే: వానిలో గలిపిన బొగ్గుపొడి యెండను దాను మ్రింగి గొట్టమును గాపాడును. చినీతోటలలో చెడిపోయి పెరుకబడిన యట్టి గొట్టములు గట్లపై గుట్టలుగా బడియుండుట మన రైతులు చూచుచున్నదే. వానిని కడిగి, తునకలు చేసి, 130 డిగ్రీలకు మించిన వేడిలో అచ్చున నొత్తినచో పలకలగును. అయితే నీటిసీసాల ప్లాస్టిక్ సుమారు 250 డిగ్రీలకు గాని కరగదు గనుక దానిని గలుపరాదు. పీవీసీ గొట్టముల నసలే చేర్పరాదు. వేడికి వానినుండి వెలువడు ఆమ్లపుపొగ ఊపిరితిత్తులకు హానికరము. మఱియు నీ పలక బరువుకు మెల్లగా వంగుగుణము గలది. క్రింద ఇనుపపట్టెల నాధారము వలయును. ఆ పట్టెల నెంతదూరమున కొకటి యుంచవలెను? ఇదిగో, ఒక విద్యార్థికి సంవత్సరము చాలినంత పని!

కోటలోని కట్టడములు పురావస్తుశాఖ రక్షణలో నున్నవి. 2010లో సవరించిన చట్టము ప్రకారము రక్షితకట్టడమునకు 100 మీటర్లలోపల క్రొత్తనిర్మాణము నిషిద్ధము. కావున గుంట త్రవ్వి స్తంభము పాతక, తన బరువుతో దాను నిలుచునట్లు వస్తువును గల్పింపవలెను. ఇది నిర్బంధమే, కాని మంచి రూపకల్పనమునకు నిర్బంధములు శత్రువులు గావు.

ఇచ్చట గురువులు ఆచార్యులు మాత్రమే కారు. గొర్రును తీర్చిన వడ్రంగియు గురువే. జడ్డిగపు రంధ్రములనుండి గింజ వెదురుగొట్టములలో దిగి, ఇనుపమొనలు చీల్చిన చాళ్లలో సమముగా బడు నేర్పు ఏ కళాశాలనుండియు రాలేదు. ట్రాక్టరు వచ్చినపిమ్మట అతనికి తలుపులు, కిటికీలు మాత్రము మిగిలినవి. 1958లో భారతప్రభుత్వమునకు నివేదిక వ్రాసిన అమెరికాదంపతులు ఈమ్సులు మన చెంబును మెచ్చుకొనిరి. దాని బరువు, పట్టు, పోత, తోముటలోని వీలు ఎన్నితరముల విచారణచే గుదిరినవో చూడుడనిరి. ఆ నివేదిక వెంబడి 1961లో అహమ్మదాబాదున జాతీయ రూపకల్పనసంస్థ వెలసినది. మన పెద్దలు మాత్రము ఎవరి మెప్పునకును గాచుకొనలేదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణరావు, పట్టాభి సీతారామయ్యగార్లు 1910లోనే బందరున జాతీయకళాశాలను స్థాపించి చదువుతోబాటు చేతిపనిని నేర్పించిరి.

విద్యార్థిచేసిన వస్తువునకు పూచీ యెవరు, టెండరు నియమముల కిది యొదుగునా యని యింజనీర్లడుగుదురు. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది గాదు. లోయ యంచు కమ్మి విషయమున మఱియు గాదు. దానిని యనుభవజ్ఞులే పరీక్షింపవలెను. బల్లలకు, తొట్లకు, దారిచూపు పలకలకు నంత భయము లేదు. మూడు విద్యాసంస్థలకును కలిపి పది బల్లలు చేయ నప్పగించి, ఒక వేసవియు నొక వానకాలమును వానిని బయట నుంచవలెను. నిలిచినదాని కొలతలను ప్రకటించి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల కొలిముల వారికిని వడ్రంగులకును టెండరు పిలువవలెను. మార్కులును వానకాలము గడచినపిమ్మటనే వేయవలెను.

78 కోట్లలో పది బల్లల ఖర్చెంత? వానిలో నెన్ని వంగినవి, ఎన్నింటి మర లూడినవి, ఏ బల్లపై జనము గూర్చున్నారు, దేనిని విడిచి బండలపై గూర్చున్నారు అను లెక్కను విద్యార్థులు వ్రాసి పంపినచో, మంచిచెడ్డలు దాచక ఈ పుటలయందే ప్రకటించుటకు మేము సిద్ధముగా నున్నాము.