పురస్కారము – పోషణము

చలనచిత్ర పురస్కారములు ప్రకటింపబడినప్పుడెల్ల మనలో రెండు పక్షములు బయలుదేరును. అవి కళకు కొలబద్ద లని యొక పక్షము. వట్టి ఆడంబరము లని రెండవ పక్షము. ఉభయులును అసలు ప్రశ్నను తప్పించుకొనుచున్నారని నా వాదము. పురస్కారము తగినవానికి వచ్చినదా యన్నది చిన్న ప్రశ్న. అది యెప్పుడు వచ్చినది, వచ్చి యేమి చేసినది అన్నవి పెద్ద ప్రశ్నలు.

జంషెడ్‌పూరు తెలుగువారికి ఈ విషయము పరాయిది కాదు. ఎస్.వి. రంగారావు తొలి చిత్రమైన 'వరూధిని'లో ప్రవరుడుగా నటించెను. చిత్రము విఫలమయ్యెను. అవకాశములు లేక ఆయన, నాడు బీహారులో నుండిన ఈ ఉక్కునగరమునకు వచ్చి, టాటా సంస్థలో బడ్జెటు లెక్కల ఉద్యోగమున చేరెను. మరల చిత్రసీమ నుండి పిలుపు వచ్చినది గనుక 'పాతాళభైరవి' (1951) మాంత్రికుడు, 'మాయాబజారు' (1957) ఘటోత్కచుడు, 'నర్తనశాల' (1963) కీచకుడు మనకు దక్కిరి. ఆ పిలుపే రానిచో? ఒక కార్యాలయపు పద్దుల పుస్తకములో దస్తూరి మాత్రము మిగిలియుండెడిది.

1964లో జకార్తా నగరమున జరిగిన ఆఫ్రో–ఆసియా చలనచిత్రోత్సవమున కీచక పాత్రకు ఉత్తమ నటుడను గౌరవము లభించెను. తెలుగు వ్యవహారము లేని దేశమున ఆ నడకయు, ఆ చూపును, ఆ మదమును అర్థమయ్యెనన్న మాట. మాట దాటలేని యేటిని నటుడు దాటెను. అనువాదము చేయువారికి ఇందలి విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఐనను జకార్తా కీచకుని పుట్టింపలేదు. పుట్టిన కీచకుని గుర్తించినది. స్వదేశమున ఆ గుర్తింపునకు అప్పటికి పద్ధతియే లేదు. కేంద్రప్రభుత్వము 1954 నుండి చిత్రములకు బహుమతు లిచ్చుచున్నను, ఉత్తమ నటునికి వేరుగా నిచ్చుట 1967 నాటి చిత్రములతో గాని ఆరంభము కాలేదు. 1974లో కన్నుమూయు నాటికి ఆయనకు పద్మ పురస్కారమును రాలేదు. దానివలన ఘటోత్కచుని నవ్వులో తరుగు పడినదా?

పురస్కారములు ప్రోత్సాహకరములు గదా యందురు. ఎవరికి? గెలిచినవారికి. కాచిన చెట్టుకే నీరు పోసి, మొలకను ఎండకు విడుచుట తోటమాలి ధర్మమగునా? 1964లో నెలకొల్పిన నంది బహుమతులు, 2014, 2015, 2016 సంవత్సరములకు 2017లో ఒక్కమారుగా ప్రకటింపబడి, వివాదములలో పడి నిలిచిపోయెను. తెలంగాణమున గద్దరు పేరిట పురస్కారము లిచ్చుట 2025లో గాని జరుగలేదు. ఈ నడుమ తెలుగు చిత్రము కుంటువడెనా? 'నాటు నాటు' పాటకు 2023లో ఆస్కారు లభించినది ఈ విరామముననే గదా!

అట్లని పురస్కారములను రద్దు చేయుమనను. బి. నరసింగరావు తీసిన 'దాసి'కి 1988వ సంవత్సరమునకు అయిదు జాతీయ పురస్కారములు వచ్చెను. అందు అర్చనకు ఉత్తమ నటి గౌరవ మొకటి. అంగడి బలము లేని అట్టి చిత్రమును జనుల దృష్టికి తెచ్చుటలో బహుమతి నిజముగా పని చేయును. కీర్తి గలవానికి కీర్తి నిచ్చుట పునరుక్తి. మరుగున పడబోవు దానిని నిలుపుట సేవ.

కావున ప్రభుత్వములను అడుగవలసినది మరియొక బంగారు ప్రతిమను కాదు. బహుమతి యిచ్చినచో దానికి కారణము వ్రాతమూలకముగా చెప్పవలెను. బహుమతి పొందిన చిత్రపు ప్రతిని చెడకుండ కాపాడి, ఇతర భాషలవారికి అర్థమగునట్లు అనువాదముతో చూపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, సభకు వెచ్చించు ధనములో కొంత తీసి, తొలి ప్రయత్నమున ఓడినవారికి రెండవ అవకాశము కల్పింపవలెను. రంగారావు ఆ అవకాశమును అదృష్టమువలన పొందెను. అదృష్టము లేనివారి పేర్లు మనకు తెలియవు; వారికి పురస్కారము రాలేదని విచారించు వారును లేరు.