తూకంతో పాటు పరీక్షా ముఖ్యమే

గంజాయి మన బిడ్డలను కబళిస్తున్న విషం. దానిని అరికట్టడంలో మనమే ముందుండాలి. అయితే మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో ఏ యువకుడు పట్టుబడినా, రుజువు కాకముందే అతని కుటుంబానికంతటికీ దోషి ముద్ర వేయడం న్యాయం కాదు.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద శిక్ష పరిమాణాన్ని బట్టి మారుతుంది. గంజాయి 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం, బెయిలు దుర్లభం. పూత, కాయ గల కొనలే చట్టం దృష్టిలో గంజాయి. వాటితో కలవని ఆకులు, గింజలు కావు. కనుక పరీక్ష కీలకం. అక్కడికక్కడ చేసే రంగు పరీక్ష సూచన మాత్రమే. నిర్ధారణ ఫోరెన్సిక్ ప్రయోగశాలలోనే జరగాలి.

2022 నిబంధనల ప్రకారం నమూనాలను మేజిస్ట్రేటు సమక్షంలో తీయాలి. అందిన 15 రోజుల్లో ప్రయోగశాల నివేదిక ఇవ్వాలి. దళారులను నమ్మి సొమ్ము పోగొట్టుకోక, న్యాయవాది ద్వారా ఆ పత్రాల నకళ్లు కోరుదాం. స్తోమత లేనివారిని న్యాయసేవాధికార సంస్థ వద్దకు జమాత్ పెద్దలే తీసుకువెళ్లాలి.