రెండంగుళాలు మిగిల్చిన అమ్మ

పోయిన వారం చంద్రగిరి వెళ్తే, రాత్రి పదింటికి ఇంట్లో కుట్టు మిషన్ చప్పుడు. తమ్ముడికి ఫ్యాక్టరీలో కొత్త ఉద్యోగం. యూనిఫాం ఫ్రీనే, కానీ పాంటు నాలుగంగుళాలు పొడుగు! టైలరేమో రెండ్రోజులాగమన్నాడు, డ్యూటీ చూస్తే తెల్లారి ఆరుకి.

కాటన్ గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుందని అమ్మ సాయంత్రమే తడిపి ఆరేసింది. వాడికి బూట్లు తొడిగించి సుద్దతో గీత పెట్టింది. గీత కింద రెండంగుళాలు వదిలి కత్తిరించింది. అరంగుళం ఓ మడత, ఒకటిన్నర ఇంకో మడత. దళసరి గుడ్డ కాబట్టి 16 నంబరు సూది. "పొట్టయితే విప్పుకోవచ్చులేరా" అంది.

నేల మీద ఈడ్చే పాంటుతో మిషన్ల మధ్య తిరిగితే కాలికి అడ్డంపడదూ? కొలత తీసుకోడానికి రెండు నిమిషాలు చాలు.

సాఫ్ట్‌వేర్‌లో మనం చేసేదీ ఇదేగా! అందరికీ ఒకే సైజు ఇచ్చేసి, మిగతాది యూజర్ చూసుకుంటాడంటాం. ఆ యూజర్ ఇంట్లో ఓ అమ్మ నిద్ర మానుకుని కూర్చుంటుంది.