తప్పు దిద్దుట - తప్పులెన్నుట

తెనాలి పేరు చెప్పగనే మనకు రామకృష్ణకవి జ్ఞప్తికి వచ్చును. వాదమునకు వచ్చిన యొక గొప్ప పండితునియెదుట ఆయన నువ్వుకట్టెలను గేదెను గట్టు త్రాటితో బిగించి, పట్టుబట్టలో చుట్టి, ఆ మూటకు "తిలకాష్ఠమహిషబంధన"మని పేరు పెట్టెననియు, అట్టి గ్రంథమును వినియెఱుగని పండితుడు రాత్రికి రాత్రి పాఱిపోయెననియు కథ కలదు. ఆ కథలో పేరునకు బెదరినవాడు పండితుడు. నేడు కంప్యూటరు చదువులో పెద్దపేరులకు బెదరుచున్నవారు పిల్లలు.

మన పాఠశాల విడిచి తెనాలికో బాపట్లకో పైచదువులకు బోవు విద్యార్థులలో పలువురు ‘సీ’ భాషను నేర్చుకొందురు. 1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలందు డెనిస్ రిచీ దీనిని నిర్మించెను. ఇందు మెమొరీలో కొంత చోటు కావలసినప్పుడు ‘మాలాక్’ అని యడిగి తీసికొనవలెను. పని తీఱినపిమ్మట ‘ఫ్రీ’ అని తిరిగి యీయవలెను. ఈ బాధ్యత వ్రాయువానిదే.

రైలుస్టేషను చెంతనుండు సత్రమును తలంచుకొనుడు. గది తీసికొన్నవాడు తాళపుచెవి నప్పగింపక పోయిన, ఆ గది యూరక మూతపడియుండును. అట్టివారు పెరిగిన సత్రమే నిండిపోవును. అప్పగించినవాడు మాఱు తాళపుచెవితో మరల లోనికి బోయిన, అందు దిగిన వేఱొకని సామాను చెడును. ఒకే గది రెండుమాఱు లప్పగింపబడినట్లు లెక్కలో పడిన, గుమాస్తా దానినే యిద్దఱి కిచ్చును. మెమొరీ విషయమున నిజమైన దోషము లిట్టివి. ఇవి చిన్నవి కావు. తమ సాఫ్టువేరులో ఏటేట సవరించు భద్రతాలోపములలో నూటికి సుమారు 70 మెమొరీ దోషములకు సంబంధించినవే యని మైక్రోసాఫ్టు సంస్థవారు 2019లో తెలిపిరి.

ఈ భారమును తగ్గించుటకు 1960 నాటికే జాన్ మెకార్తీ లిస్పు భాషలో, వాడుక తీఱిన చోటును యంత్రమే యేరుకొను పద్ధతిని కల్పించెను. 1995లో వెలువడిన జావాయు ఆ దారినే నడచెను. అయినను చేతితో నప్పగించుట యొకమాఱైన నేర్వనివానికి యంత్రము చేయు నుపకారము తెలియదని నా యభిప్రాయము. కావున ఇందు గట్టిగా నుండవలసినదే.

నేను తప్పినది వేఱొకచోట. ఒక సెలవులలో రేపల్లెనుండి వచ్చిన బాలుడొకడు తన ప్రోగ్రామును నాకు చూపెను. అది మార్కులను చక్కగా పేర్చి, తీసికొన్న చోటునెల్ల తిరిగి యిచ్చుచుండెను. మెచ్చుకొనుటకు మునుపే నేను, "మాలాక్ ముందర రకము మార్చు గుఱుతెందుకు? ఫ్రీ చేయుటకు ముందు సూచిక శూన్యమా యని చూచుటెందుకు? ఇంతమాత్రము తెలియదా?" అంటిని. బాలుడు కాగితములు మడుచుకొని పోయెను; మరల నన్నేమియు నడుగలేదు.

నేను చెప్పినది అబద్ధము కాదు. సీ ప్రమాణము ననుసరించి ఆ గుఱుతక్కఱలేదు. శూన్యసూచికను ఫ్రీ చేసినను హాని లేదు. కాని ఆ పంక్తు లుండుటవలన నెవరికేమి చెడినది? కెర్నిహాన్, రిచీలు వ్రాసిన ప్రసిద్ధగ్రంథపు 1988 నాటి రెండవ కూర్పులో సయితము మాలాక్ ముందర ఆ గుఱుతు కలదు. పిమ్మట తప్పొప్పుల పట్టికలో, ఆ యుదాహరణము సరియైనదే యనియు, సలహా మాత్రము చర్చింపదగిన దనియు వారు తెలిపిరి. భాషాకర్తకున్న యోర్పు నాకు లేకపోయెను.

చిన్నతప్పును మన్నించిన పెద్దతప్పగునని కొందఱందురు. కొన్ని నిజముగ అట్టివే. క్షణములో ముగియు ప్రోగ్రాము ఫ్రీ చేయుట మఱచినను, సాధారణపు కంప్యూటరులలో ఆపరేటింగ్ సిస్టమ్ ఆ చోటును తానే తిరిగి తీసికొనును. రేయింబవళ్లు నడచు ప్రోగ్రామునం దదే మఱపు కొంపముంచును. ఎక్కడ బరువో ఎక్కడ తేలికయో యెఱుగుటయే పాండిత్యము.

కావున ఉపాధ్యాయులారా, తలిదండ్రులారా, దిద్దుటకు ముందు "దీనివలన నెవరికి హాని?" అని తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. హాని కలదేని కారణముతో కూడ వెంటనే చెప్పవలెను. లేదేని ముందు మంచిని చెప్పి, పిమ్మట దానిని చెప్పవచ్చును. దిద్దుట యెదుటివాని కొఱకు. ఎన్నుట తన కొఱకు.

విద్యార్థులారా, ఎవరైన పెద్దపేరుతో బెదరించిన పాఱిపోకుడు. "అయ్యా, ఇందువలన నేమి జరుగును?" అని వినయముగ నడుగుడు. మూటలో నువ్వుకట్టెలే యుండవచ్చును. నిజమైన గ్రంథమే యుండవచ్చును. విప్పి చూచుటయే విద్య.

ఆ బాలుడు ఈ సంచికను చూచునేని, తన కాగితములను మరల తెచ్చి చూపవలెనని నా కోరిక. ఈమాఱు నేను తుదివఱకు చదివి, మెచ్చుకొని, పిమ్మటనే మాటాడెదను.