పసిగుండె శస్త్రచికిత్సలో ఆహారనాళపు ఎకో: భయమెంత, భద్రత ఎంత?

గుండెలో రంధ్రంతో పుట్టిన బిడ్డకు శస్త్రచికిత్స నిశ్చయమైనప్పుడు తల్లిదండ్రులు అంగీకార పత్రంపై సంతకం చేయవలసి ఉంటుంది. ఆపరేషన్ సాగుతుండగా చేసే 'టీ.ఈ.ఈ.' అనే పరీక్షకు కూడ ఆ సంతకం వర్తిస్తుంది. నోటి గుండా ఆహారనాళంలోకి సన్నని గొట్టాన్ని దింపి, శబ్దతరంగాలతో గుండెను చూడడమే ఈ పరీక్ష. నాలుగు కిలోల పసికందు గొంతులోకి గొట్టమా అని తల్లి భయపడడం సహజం. ఆమెకు సమాధానం చెప్పడం వైద్యుల బాధ్యత.

ఇందులో ఎక్స్‌రే వంటి రేడియేషన్ ఉండదు. ఆహారనాళం గుండెకు వెనుకనే ఉన్నందున బొమ్మ స్పష్టంగా వస్తుంది. సర్జన్ పనికి అడ్డు రాదు. రంధ్రం మూసిన అతుకు పక్కనుంచి రక్తం కారుతున్నదా, కవాటం సరిగా మూసుకుంటున్నదా అన్నది గుండె మళ్ళీ కొట్టుకున్నప్పుడే తెలుస్తుంది. లోపం అప్పుడే కనబడితే వెంటనే సరిదిద్దవచ్చును. తరువాత బయటపడితే బిడ్డకు మరొకసారి మత్తు, మరొకసారి కోత తప్పకపోవచ్చును.

అపాయం లేదని మాత్రం అనరాదు. శిశువుల శ్వాసనాళం మెత్తనిది. ముందరనే ఉన్న దానిని గొట్టం నొక్కవచ్చును. శ్వాసకై అమర్చిన ట్యూబు కదలవచ్చును. గుండె ఎడమ కర్ణికపై ఒత్తిడి పడి రక్తపోటు తగ్గవచ్చును. గొంతు ఒరుసుకోవచ్చును. ఆహారనాళానికి చిల్లు పడడం అత్యంత అరుదు. పిల్లలలో ఇటువంటి ఇబ్బందులు సుమారు నూటికి 1 నుంచి 3 మందిలో కనబడతాయి. వాటిలో అధికభాగం గొట్టాన్ని వెనుకకు తీయగానే సర్దుకుంటాయి.

కనుక ఈ పరీక్ష భద్రత బిడ్డ బరువుకు తగిన గొట్టం మీద, దానిని బలవంతంగా తోయని శిక్షణ పొందిన చేతుల మీద, ప్రాణవాయువును, రక్తపోటును క్షణక్షణం గమనించే మత్తువైద్యుని మీద ఆధారపడి ఉంటుంది. సన్నని గొట్టం లేనిచోట పెద్దదానితో సాహసించరాదు. శ్వాసనాళానికి, ఆహారనాళానికి మధ్య సరిచేయని సంధి ఉన్న బిడ్డకు, ఆహారనాళం ఇరుకైన బిడ్డకు ఈ పరీక్ష తగదు. అటువంటప్పుడు సర్జనే శుభ్రమైన తొడుగు వేసిన ఎకో పరికరాన్ని గుండెపై ఉంచి చూడవచ్చును.

తల్లిదండ్రులకు నా మనవి: బిడ్డకు మింగడంలో ఇబ్బంది, రక్తపు వాంతి, పూర్వం జరిగిన ఆహారనాళపు ఆపరేషన్ వంటివి ఉంటే తప్పక ముందే చెప్పండి. బిడ్డ బరువుకు సరిపడు గొట్టం ఉన్నదా, ఎవరు చేస్తారు అని నిస్సంకోచంగా అడగండి.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన తరువాత కూలి పనులు చేసుకునే కుటుంబాల పిల్లలకు సైతం ఈ శస్త్రచికిత్సలు అందుతున్నాయి. ఆంగ్లపత్రంపై వేలిముద్ర వేయించుకొని దానినే అంగీకారమనడం న్యాయం కాదు. ఈ పరీక్ష ఎందుకో, ప్రమాదం ఎంతో తెలుగులో ఐదు నిమిషాలు వివరించిన తరువాతనే సంతకం అడగాలని నా అభిప్రాయం. సరియైన చేతులలో ఈ గొట్టం బిడ్డకు చేసే మేలు కీడుకన్న ఎంతో ఎక్కువ. ఆ మాట వైద్యుని నోట విన్న తల్లి ధైర్యంగా బిడ్డను అప్పగించగలుగుతుంది.