చెమట చూసి మురిసిపోకండి

ఇంట్లోనే సైకిలు తొక్కి సాధన చేసేవారు ఇటీవల మన పట్టణాల్లో బాగా పెరిగారు. సంతోషించవలసిన విషయమే. లారీల మధ్య, గుంతల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని తొక్కలేనివారికి, వేసవిలో ఉదయం ఎనిమిది కాకముందే నిప్పులు చెరిగే ఊళ్లలో ఉండేవారికి, చంటిపిల్లలను వదిలి గడప దాటలేని తల్లులకు ఇండోర్ ట్రైనర్ ఎంతో ఉపయోగకరమైన సాధనం. తెలియనివారి కోసం చెబుతున్నాను. మీ సొంత సైకిలు వెనుక చక్రాన్ని నేలకు తగలకుండా ఎత్తి పట్టే ఇనుప చట్రం అది. చక్రం ఒక రోలరును ఒరుసుకుంటూ తిరుగుతుంది. అయస్కాంతమో, ద్రవమో దానికి నిరోధం కలిగిస్తుంది. ఖరీదైన రకాల్లో వెనుక చక్రాన్నే ఊడదీసి, గొలుసును నేరుగా యంత్రానికి తగిలిస్తారు. మీరు ఎన్ని వాట్ల శక్తితో తొక్కుతున్నారో ఫోను తెర మీద కనిపిస్తుంది.

నా అభ్యంతరం ఆ యంత్రం మీద కాదు, దాని చుట్టూ అల్లుకున్న ఒక మూఢనమ్మకం మీద. "చెమట ఎంత కారితే కొవ్వు అంత కరిగినట్టు" అన్నదే ఆ నమ్మకం. దీన్ని నమ్మినవారు కిటికీలు మూస్తున్నారు. ఫ్యాను ఆపుతున్నారు. పొట్టకు ప్లాస్టిక్ పట్టీ చుట్టుకుంటున్నారు, గాలి చొరబడని 'స్వెట్ సూట్' తొడుక్కుంటున్నారు. సైకిలు ఎక్కే ముందు ఒకసారి, దిగిన తరువాత ఒకసారి బరువు చూసుకొని, తగ్గిన ముప్పాతిక కిలోను బంధుమిత్రుల వాట్సాప్ గుంపుల్లో ప్రకటించుకుంటున్నారు. కొందరైతే నేల మీది చెమట మడుగును కూడా ఫోటో తీసి పంపుతారు! దాన్ని చూసి శభాష్ అనేవారి మీద నాకు మరీ కోపం.

లెక్క చూద్దాం. మన కండరాలు తాము ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగోవంతునే పనిగా మార్చగలవు. మిగిలినదంతా వేడి. ఒక మధ్యవయస్కుడు ట్రైనర్ మీద 100 వాట్ల చొప్పున అరగంట తొక్కాడనుకోండి. ఆ 100 వాట్లు పెడలుకు చేరుతుంటే, ఒంట్లో మరో 300 వాట్లకు పైగా వేడి పుడుతూ ఉంటుంది. పాతకాలపు 100 వాట్ల బల్బులు మూడింటిని పొట్టలో వెలిగించుకొని కూర్చున్నట్లు. ఆ వేడిని బయటకు పంపడానికే శరీరం చెమట పోస్తుంది. ఇక్కడ ఒక కిటుకు ఉంది. చెమట కారడం వల్ల ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. పై ఉదాహరణలో పుట్టిన వేడినంతా చెమట ద్వారానే పోగొట్టాలన్నా, అరగంటలో సుమారు పావు లీటరు చెమట ఆవిరైతే చాలు. గడ్డం మీదుగా నేల మీదికి రాలిన ప్రతి చుక్కా తన పని చేయకుండా వృథాగా పోయినదే. మీరు ఫోటో తీసిన మడుగు మీ శ్రమకు సాక్ష్యం కాదు. మీ గదిలో గాలి ఆడలేదనడానికి సాక్ష్యం.

ఇక కొవ్వు సంగతి. ఆ అరగంటలో ఖర్చయ్యే మొత్తం శక్తి సుమారు 190 కిలోకేలరీలు. ఒక కిలో శరీరపు కొవ్వులో సుమారు 7,700 కిలోకేలరీలు ఉంటాయి. ఖర్చయినదంతా కొవ్వు నుంచే వచ్చిందని ఉదారంగా ఒప్పుకున్నా, కరిగినది 25 గ్రాములు. మరి తూకంలో తగ్గిన ముప్పాతిక కిలో ఏమిటి? నీరు. రెండు గ్లాసుల మజ్జిగ, ఆపైన కాసిని మంచినీళ్లు తాగితే తిరిగి వచ్చేస్తుంది, రావాలి కూడా. ఇంత చిన్న అంకెను చూసి నిరాశపడవద్దు. 25 గ్రాములు చొప్పున వారానికి ఐదు రోజులు, ఏడాది పొడవునా లెక్క వేసుకోండి. కాకపోతే అది ఫోటోకు అందదు. "చెమటతో ఒంట్లోని విషాలు పోతాయి" అనేవారూ ఉన్నారు. ఆ పనికి భగవంతుడు కాలేయాన్ని, మూత్రపిండాలను ఇచ్చాడు. చెమటలో ఉండేది నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నీరు, కాస్త ఉప్పు.

రోడ్డు మీద ఈ చిక్కు ఇంతగా ఉండదు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిలిస్టుకు అంత వేగంతో గాలి ఎదురు వస్తుంది. చెమట పుట్టినది పుట్టినట్లే ఆరిపోతుంది, పట్టినట్లే తెలియదు. ట్రైనర్ మీద మీరు ఎంత వేగంగా తొక్కినా ఉన్నచోటనే ఉంటారు. ఒంటి చుట్టూ ఉన్న గాలి వేడెక్కి, తేమతో నిండి, దుప్పటిలాగా కప్పుకుంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్లలో గాలిలో ముందే తేమ ఎక్కువ కాబట్టి ఇది మరింత దుర్భరం. అప్పుడు శరీరం చర్మానికి రక్తాన్ని మళ్లిస్తుంది. చెమటతో రక్తంలోని నీటి పాలు తగ్గుతుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి, ఒక్కొక్క స్పందనకు అది పంపగల రక్తమూ తగ్గుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. అదే 100 వాట్లకు మొదట నిమిషానికి 125 ఉన్న నాడి అరగంటకు 140కి చేరవచ్చు. "నా గుండె బాగా పనిచేసింది" అని మురిసిపోతారు. కాళ్లు చేసిన పని మాత్రం వీసమెత్తు పెరగలేదు. గుండె మీద భారమే పెరిగింది.

ఇంతవరకు చెప్పినది వృథాశ్రమ. ఇప్పుడు ప్రమాదం సంగతికి వస్తాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

చెమట ఒక వ్యాధి లక్షణం కూడా. గుండెపోటు వచ్చినవారిలో చాలామందికి ఒళ్లంతా చల్లని చెమటలు పడతాయి. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడే మధుమేహ రోగికి రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు మొదట కనిపించే గుర్తుల్లో చెమట ఒకటి. ఆ వెంటనే వణుకు, గుండెదడ, కంగారు. యాభై దాటిన మధుమేహ రోగి ఒకరు ఉదయం మాత్ర వేసుకొని, ఏమీ తినకుండా, తలుపు మూసుకొని ట్రైనర్ ఎక్కారని ఊహించండి. ఇరవై నిమిషాలకు చెమటలు ధారలుగా కారుతున్నాయి. చెమట కోసమే ఎక్కిన మనిషికి ఆ చెమట హెచ్చరికగా ఎలా తోస్తుంది? "ఈరోజు భేషుగ్గా సాగుతోంది" అనుకొని ఇంకో పది నిమిషాలు తొక్కుతాడు. మధుమేహం ఉన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండా కూడా రావచ్చునని వైద్యులందరికీ తెలుసు. నొప్పి లేనిచోట మిగిలే కొద్దిపాటి గుర్తుల్లో ఒకదాన్ని ఈ నమ్మకం పండుగగా మార్చేసింది. మూసిన తలుపు అవతల ఉన్న ఇంటివారికి కూడా తెలియదు.

రక్తపోటుకు మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు వాడేవారు, మధుమేహానికి డపాగ్లిఫ్లోజిన్ వంటివి వాడేవారు ఇప్పటికే కొంత నీటిని, ఉప్పును కోల్పోతూ ఉంటారు. వారికి ఈ ప్లాస్టిక్ వేషం ఎంతమాత్రం పనికిరాదు. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటివి వాడేవారి నాడి ఎంత శ్రమపడినా ఒక హద్దు దాటి పెరగదు. కాబట్టి వారికి గడియారం చూపే నాడి అంకె నమ్మదగినది కాదు.

"ముసలివాళ్లకు, రోగులకు చెప్పే మాటలు మాకెందుకు?" అనే యువకులు ఈ సంగతి వినాలి. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు నెల రోజుల కాస్త అటూ ఇటూ వ్యవధిలో చనిపోయారు. ముగ్గురూ ఇరవై ఏళ్ల ప్రాయం వారు, నిత్యం వ్యాయామం చేసినవారు. పోటీకి ముందు బరువు తగ్గించుకోవడానికి ఆవిరి చొరని సూట్లు తొడుక్కొని, వేడి గదుల్లో విడవకుండా శ్రమించారు. కదలని సైకిలు తొక్కడం ఆ శ్రమలో భాగం. అధికారుల విచారణలో తేలిన కారణం నిర్జలీకరణం, మితిమీరిన శరీరతాపం. ఆ తరువాత అక్కడి కళాశాల క్రీడల సంస్థ ఆ సూట్లను నిషేధించింది. అటువంటి వస్తువునే ఇప్పుడు మన దగ్గర "పొట్ట తగ్గించే సాధనం" పేరుతో ఎవరైనా ఫోనులో ఒక్క నొక్కుతో తెప్పించుకోవచ్చు.

ఎదుటివారి వాదనలో ఉన్న కొద్దిపాటి నిజాన్ని దాచడం నా పద్ధతి కాదు. వేడికి అలవాటు పడే సాధన అనేది ఒకటి నిజంగానే ఉంది. వేడి దేశంలో పోటీకి వెళ్లే క్రీడాకారులు పది, పదిహేను రోజులు క్రమంగా వేడిలో సాధన చేస్తే రక్తంలోని నీటి పాలు పెరుగుతుంది, చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది. అయితే వారు శరీర ఉష్ణోగ్రత కొలుచుకుంటూ, నీరు తాగుతూ, శిక్షకుడి కళ్ల ముందు ఆ పని చేస్తారు. పైగా వారు కోరేది ఒళ్లు చల్లబడే నేర్పు, బరువు తగ్గడం కాదు. ఆ పేరు చెప్పి ఒంటరి గదిలో ప్లాస్టిక్ చుట్టుకోవడం పులిని చూసి నక్క వాతలు పెట్టుకోవడమే.

రోడ్డు సైకిలిస్టుల్లో కొందరు ఇంకో వాదన చేస్తారు. గదిలో తొక్కేది అసలు సాధనే కాదట, చెమట తప్ప దాని వల్ల దక్కేది ఏమీ లేదట! ఆస్ట్రేలియాకు చెందిన మాథ్యూ హేమన్ 2016 ఫిబ్రవరి చివరిలో బెల్జియంలో ఒక పందెంలో పడి ముంజేతి ఎముక విరగ్గొట్టుకున్నాడు. విరిగిన చేతిని నిచ్చెన మీద ఆనించి, ఇంటి గ్యారేజీలో ట్రైనర్ మీద వారాల తరబడి తొక్కాడు. ఏప్రిల్ 10న, రాళ్లు పరచిన దారుల మీదుగా 250 కిలోమీటర్లకు పైగా సాగే పారిస్–రూబే పందెంలో గెలిచాడు. అతన్ని గెలిపించినది చెమట కాదు, రోజూ కొలిచి చేసిన శ్రమ.

కొలవగలగడమే ఈ యంత్రం గొప్పతనం. శరీర శాస్త్రజ్ఞులు నూరేళ్లకు పైగా ప్రయోగశాలల్లో మనుషులను కదలని సైకిలు మీద కూర్చోబెట్టి పరీక్షించడానికి కారణం కూడా అదే. గాలి, ఎత్తుపల్లాలు, ట్రాఫిక్ ఏవీ లేకుండా ఎంత పని చేయించాలో అంత పనే చేయించవచ్చు. మందుకు మోతాదు ఉన్నట్లే వ్యాయామానికీ మోతాదు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి. మధ్యస్థం అంటే ఏమిటో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మీ యంత్రానికి వాట్లు చూపే సదుపాయం ఉంటే ఆ అంకెను రాసుకోండి. ఈ నెల 80 వాట్ల వద్ద ఆయాసపడినవారు మూడు నెలల తరువాత అదే ఆయాసానికి 100 తొక్కగలిగితే అదే అభివృద్ధి.

ఫ్యాను పెట్టుకోండి. ఇంటి మధ్యలో తిరిగే సీలింగ్ ఫ్యాను చాలదు. స్టాండు ఫ్యానును ఎదురుగా, ఛాతీకి, ముఖానికి గాలి తగిలేలా నిలపండి. గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే ఫ్యాను వేడిగాలినే ఒంటికి కొడుతుంది, అప్పుడు తొక్కవద్దు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో తెల్లవారుజామున ఐదు గంటల వేళ ఒక్కటే ఇందుకు తగినది. కదలని సైకిలు మీద ఒళ్లు అటూ ఇటూ ఊగదు కాబట్టి సీటు ఒత్తిడి ఒకేచోట పడి తిమ్మిరి ఎక్కుతుంది. పది నిమిషాలకొకసారి పెడల్స్ మీద లేచి నిలబడండి. పాకే పిల్లలు ఉన్న ఇంట్లో తిరుగుతున్న చక్రం, గొలుసు దగ్గరకు వారు రాకుండా చూసుకోండి, చిన్న వేళ్లకు అది కత్తెరతో సమానం.

తల తిరగడం, వాంతి వచ్చినట్లు ఉండడం, వేడిలోనూ చలిగా అనిపించి రోమాలు నిక్కబొడుచుకోవడం, ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, తొక్కుతున్న శ్రమకు మించిన చెమట, వీటిలో ఏది కనిపించినా ఆపండి. మధుమేహం ఉన్నవారు వెంటనే చక్కెర చూసుకోవాలి, పరికరం దగ్గర లేకపోతే ముందు పంచదార నోట్లో వేసుకోవాలి. ఛాతీలో బరువో నొప్పో ఉన్నా, విశ్రాంతి తీసుకున్నా చల్లని చెమటలు ఆగకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి. వేడికి మాట తడబడి, మనిషి అయోమయంలో పడితే అది వడదెబ్బే. 108కి ఫోను చేసి, వాహనం వచ్చేలోగా ఒంటి నిండా నీళ్లు పోసి, ఫ్యాను కింద పడుకోబెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు.

బాగా తొక్కిన తరువాత ఒక్కసారిగా ఆపి దిగవద్దు. కాళ్లలో నిలిచిన రక్తం గుండెకు చేరక కళ్లు తిరిగి పడిపోయినవారు ఉన్నారు. నిరోధం తగ్గించి ఐదు నుంచి పది నిమిషాలు నెమ్మదిగా తొక్కి, ఊపిరి కుదుటపడ్డాక, హ్యాండిల్ పట్టుకొని దిగండి. తలుపు మాత్రం మొదటి నుంచీ తెరిచే ఉంచండి.