పప్పు మాడింది, మంచే జరిగింది!

మాది కంది. పేరు పప్పుదే అయినా, సంగారెడ్డి దారిన పోయేవాళ్ళకు ఇప్పుడు ఐఐటీ ఉన్న ఊరుగానే గుర్తు. ఆ కందిలోనే 2025 జూలై 28న నేను పప్పు మాడబెట్టాను. కారణం చెబితే నవ్వుతారు. చదరంగం!

ఆ సాయంత్రం జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్. ఇటు మన గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి, 38 ఏళ్ళు. అటు నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్, 19 ఏళ్ళు. అంతకుముందు ఆడిన రెండాటలూ డ్రా. ఇక మిగిలినవి ర్యాపిడ్ ఆటలు. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తు వేసినప్పుడల్లా 10 సెకన్లు అదనం.

పదో తరగతి చదివే మా అమ్మాయి ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి పెట్టింది. "బోర్డు పక్కన తెలుపూ నలుపూ పట్టీ ఉంది చూడు, అది కంప్యూటర్ చెప్పే జాతకం. దాన్ని చేత్తో మూసేసి, తర్వాతి ఎత్తేమిటో నువ్వే చెప్పమ్మా" అంది. పదింట్లో రెండు సరిగ్గా చెప్పాను. మీరూ ఇలాగే చూడండి, ఆట భలే రుచిస్తుంది.

"ఒక్క గుర్రం జరిపేటందుకు గింత ఆలోచనా? గీ లోపల నాలుగు జొన్నరొట్టెలు జేస్తును" అన్నారు మా అత్తయ్య. అన్నారే గానీ, కుర్చీ మాత్రం దిగలేదు.

రెండో ర్యాపిడ్‌లో హంపికి టైము చాల్లేదు. తడబడి ఓడిపోయింది. దివ్య కప్పుతో పాటు గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా గెలుచుకుని, వాళ్ళమ్మను పట్టుకుని ఏడ్చేసింది.

"ఓడిపోయాక హంపి ఏం చేస్తుందమ్మా?" అని అడిగింది మా పిల్ల.

"మళ్ళీ ఆడుతుంది" అన్నాను. 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2017లో తల్లయింది. ఆ తర్వాతే 2019లోనూ, 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. మన గుంటూరు హారిక 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు చూలాలుగా కూర్చుని ఆడింది, జట్టుకు కాంస్యం వచ్చింది.

చెబుతూ చెబుతూ ఆగిపోయాను. 'పరీక్షలయ్యేదాకా వద్దు' అని జూన్‌లో దాని బోర్డును బీరువా మీద పెట్టింది నేనే. అప్పుడది ఒక్క మాట అనలేదు.

మాడిన గిన్నెలో చింతపండు నీళ్ళు పోసి, స్టూలెక్కి బోర్డు దించాను. ఆదివారం రెండు గంటలు అని ఒప్పందం. గిన్నె తెల్లవారేసరికి తెల్లబడింది. పిల్ల మొహం మాత్రం అప్పుడే వెలిగింది.

మీ ఇంట్లో బీరువా మీద ఏముందో ఒకసారి చూసుకోండి మరి!